'అన్నా' అని రాస్తే కథ కంచికే: ఇద్దరబ్బాయిల ప్రేమ సిరీస్‌ల మీద అపోహలు - వాస్తవాలు

చెన్నై సాలిగ్రామంలో ఉంటూ పదేళ్లుగా డబ్బింగ్‌కి మాటలు, ఓటీటీలకి సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. నాగుపాము పగబట్టే సీరియళ్లు రాసినప్పుడు నన్నెవరూ ఏమీ అడగలేదు. ఇద్దరబ్బాయిలు ప్రేమించుకునే థాయ్ సిరీస్ ఒకటి చేతికొచ్చిందని తెలియగానే మాత్రం టీ కొట్టు దగ్గర ప్రతివాడూ నాకు క్లాస్ పీకేవాడే. వాళ్లు చెప్పినవాటికి జవాబులు ఇక్కడ రాస్తున్నా, అక్కడైతే టీ చల్లారిపోతుంది.

అపోహ: ఇవి గే అబ్బాయిలే చూస్తారు.

వాస్తవం: వాళ్లూ చూస్తారు. కానీ ఈ రకం కథలకు పునాది వేసింది ఆడవాళ్లు. 1970ల్లో జపాన్‌లో అమ్మాయిల మాంగా (బొమ్మల కథల) పత్రికల్లో హాగియో మోటో, తాకేమియా కేయికో లాంటి రచయిత్రులు ఇలాంటివి గీశారు, చదివిందీ ఎక్కువగా అమ్మాయిలే. అక్కడి నుంచి తైవాన్, థాయ్‌లాండ్, కొరియా టీవీల దాకా పాకింది. ఆడవాళ్లకి ఎందుకింత ఇష్టం అంటే నాకు తోచింది చెప్తా. మన సినిమాల్లో వాడు వెంటపడతాడు, ఆమె చీదరించుకుంటుంది, మూడో పాటకి కరుగుతుంది, ఇంటర్వెల్ ఎక్కడ పడుతుందో కూడా మనకి తెలుసు. ఇక్కడ ఎవరు ముందు చెప్పాలో, ఎవరు బెట్టు చేయాలో ముందే రాసిపెట్టి లేదు, అందుకని చిన్న చూపు కూడా లెక్కలోకి వస్తుంది. (అన్నీ అంత సంస్కారంగా ఉండవు లెండి. గోడకి నొక్కిపెట్టి దబాయించే 'హీరో'లు ఇక్కడా ఉన్నారు, అవి రాసేటప్పుడు నాకే చిరాకు.)

అపోహ: అంతా బూతే.

వాస్తవం: 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన, చార్లీ, నిక్ అనే ఇద్దరు స్కూలు అబ్బాయిల బ్రిటిష్ సిరీస్ 'హార్ట్‌స్టాపర్' మొదటి సీజన్‌లో ముద్దులకి మించి ఏమీ లేదు. సోఫాలో చార్లీ నిద్రపోతుంటాడు, పక్కనున్న నిక్ చెయ్యి అతని చేతి దాకా వెళ్లి, తాకకుండా పైనే ఆగిపోతుంది. తెర మీద బొమ్మల మెరుపులు చిమ్ముతాయి. అంతే సీను. నడుముల మీద కెమెరా తిరిగే పాటలు చూస్తూ ఇంటిల్లిపాదీ అన్నాలు తినే మనకి ఇది బూతు ఎలా అయిందో!

ఇదంతా తెల్లవాళ్ల కల్చర్ అనేవాళ్లకి ఒకటే మాట. 2021లో మొదలైన థాయ్ సిరీస్ 'బ్యాడ్ బడ్డీ'లో ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు, రెండు కుటుంబాలకీ పడదు, పిల్లలు మాట్లాడుకోవడం కూడా నిషేధం. పక్కింటి పగ, మేడ మీద ప్రేమ. మనం ఎరగని కథా?

అపోహ: ఇవి చూస్తే పిల్లలు అలా అయిపోతారు, తర్వాత డాక్టర్ దగ్గర నయం చేయించాలి.

వాస్తవం: నయం చేయడానికి అది జబ్బు కాదు. అలాంటి 'వైద్యం' చేయకూడదని ఇదే ఊళ్లో, మద్రాస్ హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ 2021 జూన్‌లో ఆదేశించారు. తీర్పుకి ముందు ఆయనే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని విషయం తెలుసుకున్నారు. టీ కొట్టు నిపుణులకి అంత ఓపికుందా?

ఇక నా పని మీద అపోహ: మామూలు ప్రేమకథలాగే తెలుగులో దింపేయొచ్చు, 'ఆమె' ఉన్నచోట 'అతను' పెడితే చాలు.

అమ్మ బాబోయ్. థాయ్‌లో తనకంటే పెద్దవాడిని 'పీ' అంటారు, అంటే అన్న లేదా అక్క. ప్రేమించినవాణ్నీ అదే పిలుపుతో పిలుస్తారు, అందులో బోలెడు గోముంటుంది. దాన్ని తెలుగులో 'అన్నా' అని రాశామనుకోండి, ఇక కథ కంచికే, మనకి అన్నయ్య అన్న క్షణంలో లవ్ ఖతం. పేరు పెట్టి పిలిపిస్తే గోము పోతుంది. మన చేతికొచ్చే ఇంగ్లీష్ టెంప్లేట్‌లో, అంటే మేం చూసి తెలుగు చేసే ఇంగ్లీష్ మాటల ప్రతిలో, అందరికీ ఒకటే 'యూ'. థాయ్‌లో స్నేహితులు 'కూ, మ్యుంగ్' అని మోటుగా మాట్లాడుకుని, మనసు మెత్తబడ్డాక వేరే మాటలకి మారితే ఆ టెంప్లేట్‌లో చీమ కుట్టినట్టయినా ఉండదు. అందుకే నేను అర్థం తెలియకపోయినా ఆడియో వింటూ పిలుపులు నోట్ చేసుకుంటా.

ఒక సిరీస్‌లో ఇద్దరూ ఒకే ఈడు, ఏడు ఎపిసోడ్‌లు 'రా' లేకుండా మాటే లేదు. ఎనిమిదో దాంట్లో వర్షంలో, "తిన్నావా?" అని రాశాను, అంతే. డబ్బింగ్ చెప్తున్న గుంటూరు కుర్రాడు రికార్డింగ్ బూత్‌లోంచి, "అన్నా, ఇక్కడ 'రా' పడిపోయింది" అన్నాడు. పడిపోలేదు, తీసేశా అన్నాను. హెడ్‌ఫోన్స్ సర్దుకుని మళ్లీ చెప్పాడు. ఈసారి గొంతు దానంతటదే తగ్గింది.

'పీ' సంగతి మాత్రం ఇంకా తేలలేదు. నాకు 'బావా' పెట్టాలని ఉంది. మన వైపు కుర్రాళ్లు ఫ్రెండ్‌నీ బావా అంటారు, పెళ్లాం మొగుణ్నీ బావా అంటుంది, ఇంతకంటే అతికే మాట ఏముంది? కామెడీ అయిపోతుందని పైవాళ్లు కొట్టేశారు. సరేనని అన్నిచోట్లా పేరే పెట్టి, చివరి ఎపిసోడ్‌లో అలక తీర్చే సీనులో ఒక్క 'బావా' వదిలేశాను. నిన్న ఫైనల్ కాపీ చూశా, ఉంది.