మొసలి పట్టు, పోతన పట్టు

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. కథల్లో ఫైటింగ్ రాసేటప్పుడు వేగమంటే పరుగే అనుకుంటారు చాలామంది. నాలుగు దెబ్బలు, మూడు ఆశ్చర్యార్థకాలు పడేస్తారు. చదివేవాడికి టెన్షన్ మాత్రం రాదు. ఎక్కడ ఉరకాలో ఎక్కడ ఆగాలో 15వ శతాబ్దంలోనే పోతన చేసి చూపించాడు. భాగవతం ఎనిమిదో స్కంధంలో గజేంద్రమోక్షం తీయండి.

ముందు పోరు. "కరి దిగుచు మకరి సరసికి, కరి దరికిని మకరి దిగుచు". ఏనుగును మొసలి మడుగులోకి, మొసలిని ఏనుగు గట్టుకి లాగుతున్నాయి. అన్నీ చిన్న చిన్న మాటలే. పైకి చదివితే ఆ లాగుడు మీ నాలుకకే తెలుస్తుంది. తర్వాత ఏనుగు డస్సిపోతుంది. "లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె". రొప్పుతున్న ప్రాణి పొడుగు వాక్యాలు మాట్లాడదు కదా!

సరిగ్గా అప్పుడే కవి మనల్ని వైకుంఠానికి తీసుకుపోతాడు. పురం, అందులో నగరు, ఆ మూల మేడ, పక్కన మందారవనం, లోపల కొలను, ఒడ్డున చంద్రకాంతశిల మీద కలువల పాన్పు... మొర విన్నాడయ్యా అనుకునేలోపు పద్యం "సంరంభియై" అని వాక్యం పూర్తికాకుండానే ఆగుతుంది. తర్వాతి పద్యంలో విష్ణువు చేయని పనులు ఆరు. లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు పట్టడు, పరివారాన్ని పిలవడు, గరుడుణ్ణి సిద్ధం చేయడు, చెదిరిన జుట్టు సర్దుకోడు, చేతిలో ఉన్న ఆవిడ పైటకొంగైనా వదలడు. తొందరను ఇంతకంటే బాగా చూపించిన సీను నేను చదవలేదు.

ఇక వెళ్లి మొసలిని చంపేయొచ్చు. పోతన చంపనివ్వడు! వెనకాల వస్తున్న లక్ష్మీదేవి దగ్గర ఆగుతాడు. సంగతేమిటో అడుగుదామని వేగంగా నడుస్తుంది, అడిగినా మగడు చెప్పడేమోనని ఆగుతుంది. "అడిగెదనని కడువడి జను" అంటూ పద్యమంతా డకారాల తడబాటే. మనకు నవ్వొస్తుంది, వెంటనే "అయ్యో, అక్కడ ఏనుగు!" అని గుండె గుబేలుమంటుంది. ఈ ఘట్టంలో అసలు పనితనం ఇక్కడే ఉందంటాను నేను. క్లాసులో మాత్రం శబ్దాలంకారమని చెప్పేసి ముందుకెళ్లిపోతారు.

చివరికి చక్రం. "భీమంబై తల ద్రుంచి ప్రాణముల బాపెం జక్ర మాశుక్రియన్". మొదటి పాదంలోనే పని అయిపోయింది. ఎవరి తల? మిగతా మూడు పాదాల్లో విశేషణాలు వరసకట్టి వస్తాయి. మొసలి పేరు మాత్రం పద్యంలో ఆఖరి మాట, "గ్రాహమున్". పేరు వినపడేసరికి అది చచ్చి ఉంది. ఆ మాటను మొదటికి తెచ్చి ఒకసారి చదివి చూడండి, దెబ్బ ఎంత చప్పబడిపోతుందో.

మీ
తాతయ్య