కార్టూన్, చట్టం, భయం: వెబ్‌కామిక్ గీసేదాన్నిగా నేను రోజూ వినే అపోహలు

మాది హిందూపురం. బెంగళూరు వచ్చి పదకొండేళ్ళు, తెలుగులో వెబ్‌కామిక్ మొదలుపెట్టి ఆరేళ్ళు. పగలు డిజైన్ ఉద్యోగం, రాత్రి పది దాటాక కె.ఆర్.పురంలోని మా ఇంట్లో టాబ్లెట్ ముందు కూర్చుంటాను. నాలుగు ప్యానెళ్ళు, రెండు మూడు మాటల బెలూన్లు. ఎక్కువగా గవర్నమెంటు చేసే పనుల మీదే గీస్తాను. కొత్తగా గీస్తున్న పిల్లలు మెసేజీలు పెడుతుంటారు, "అక్కా, ఇది వేస్తే ఏమన్నా అవుతుందా?" అని. ఈ ప్రశ్న ఏడాదికేడాది పెరుగుతోంది. అది నాకు నిజంగా బాధగా ఉంది. నేను లాయర్ని కాను. నా పని కోసం చదువుకుని, తెలిసినవాళ్ళని అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

అపోహ: పుల్లల బొమ్మలే కదా, ఎవరు పట్టించుకుంటారు?

పట్టించుకున్నారు, ఈ ఊళ్ళోనే. బెంగళూరుకు చెందిన రచితా తనేజా గీసేవి అచ్చంగా పుల్లల బొమ్మలే. సుప్రీంకోర్టు మీద వేసిన బొమ్మలకి కోర్టు ధిక్కారం కింద ముందుకెళ్ళొచ్చని 2020 డిసెంబరులో అప్పటి అటార్నీ జనరల్ అనుమతిచ్చారు. అదే నెలలో సుప్రీంకోర్టు ఆమెకి నోటీసు పంపింది. 2024లో ఆమెకి కార్టూనిస్టుల ధైర్యానికిచ్చే కోఫీ అన్నన్ అవార్డు వచ్చింది.

గీయడం దాకా ఎందుకు, ఫార్వర్డ్ చేసినా చాలు. జాదవ్‌పూర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అంబికేశ్ మహాపాత్రను మమతా బెనర్జీ మీద ఎవరో చేసిన బొమ్మను ఈమెయిల్లో పంపినందుకు 2012 ఏప్రిల్లో అరెస్టు చేశారు. ఆ కేసు నుంచి ఆయన బయటపడింది 2023 జనవరిలో. ఒక్క ఈమెయిల్‌కి దాదాపు పదకొండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగారు.

అపోహ: 66ఏ కింద లోపలేస్తారు

మన వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ తిరుగుతోంది ఈ మెసేజీ. ఆన్‌లైన్లో 'అభ్యంతరకరమైన' సందేశాలు పంపడాన్ని నేరం చేసిన, ఐటీ చట్టంలోని సెక్షన్ 66ఏ ఇప్పుడు లేదు. శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చిత్రమేమిటంటే, ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి పోలీసులు ఆ సెక్షన్ కిందే కేసులు రాస్తూ వచ్చారు. ఇక ఆపండని 2022 అక్టోబరులో కోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఎవరైనా ఆ నంబరు చెప్పి బెదిరిస్తే, భయపడకుండా ఆ తీర్పు పేరు చెప్పండి.

అపోహ: రాజద్రోహం సెక్షన్ ఎత్తేశారు, ఇక ఆ గొడవ లేదు

పాత ఐపీసీలోని రాజద్రోహం సెక్షన్ 124ఏని 2022 మే 11న సుప్రీంకోర్టు పక్కన పెట్టించింది. 2024 జులై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అందులో 'రాజద్రోహం' అనే మాట లేదు. కానీ 152వ సెక్షన్ ఒకసారి చదవండి. దేశ సార్వభౌమత్వం, ఐక్యత, సమగ్రతకు ముప్పు తెచ్చే పనులు అంటుంది. మాటలు, రాతలతో పాటు కంటికి కనిపించే రూపాల్నీ, ఎలక్ట్రానిక్ సమాచారాన్నీ చేర్చింది. మన పని మొత్తం అందులోకి వస్తుంది. శిక్ష యావజ్జీవం, లేదా ఏడేళ్ళ దాకా. ప్రభుత్వ చర్యలు నచ్చలేదని చెప్పి, చట్టబద్ధంగా మార్పు కోరడం నేరం కాదని ఆ సెక్షన్ కిందే వివరణ ఉంది. దాన్ని ప్రింటు తీసి నా టేబుల్ మీద అతికించుకున్నాను.

అపోహ: కోర్టు ఆర్డరు లేకుండా పోస్టు తీయించలేరు

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను. దెబ్బ తగిలింది ఇక్కడే.

ఇంటర్నెట్ ఆపేయడం మీద ఒక కామిక్ వేశాను. మొదటి ప్యానెల్లో గోడ మీద నోటీసు, 'శాంతిభద్రతల దృష్ట్యా ఇంటర్నెట్ నిలుపుదల'. రెండోదాంట్లో రేషన్ షాపులో ఒక అవ్వ, వేలిముద్ర మిషను మీద బొటనవేలు అద్ది నొక్కుతోంది. మూడోదాంట్లో డీలరు, "నెట్టు లేదవ్వా, మిషను తీసుకోదు, రేపు రా" అంటాడు. నాలుగోదాంట్లో అవ్వ ఖాళీ సంచి మడుచుకుంటూ, "నెట్టు ఆపితే అల్లర్లు ఆగినాయో లేదో నాయనా, నా పొయ్యి మాత్రం ఆగింది." అంతే. ఏ నాయకుడి బొమ్మా లేదు, పార్టీ గుర్తు లేదు.

ఎనిమిది రోజుల తర్వాత రాత్రి పదకొండున్నరకి ప్లాట్‌ఫాం నుంచి మెయిలొచ్చింది. మూడు లైన్లు. చట్టపరమైన అభ్యర్థన అందింది కాబట్టి ఈ పోస్టు భారతదేశంలో కనిపించదు అని. ఎవరడిగారు, ఏ సెక్షన్, ఏ ప్యానెల్లో తప్పుంది, ఏదీ లేదు. డాలస్‌లో ఉన్న మా పిన్ని కూతురికి ఫోన్ చేస్తే, "నాకు కనిపిస్తోంది కదక్కా, బానే ఉంది" అంది. గీసినదాన్ని నాకు కనిపించడం లేదు.

వాస్తవం ఏమిటంటే, కోర్టు ఆర్డరు లేకుండానే పోస్టు తీయించే దారులు రెండున్నాయి. ఒకటి ఐటీ చట్టం సెక్షన్ 69ఏ, దాని కింద 2009లో చేసిన రూల్సు. కేంద్రం ఒక కమిటీ ద్వారా బ్లాక్ చేయిస్తుంది, అత్యవసరమంటే ముందే చేసి తర్వాత చూస్తుంది. ఆ రూల్సులో 16వది అంతా గోప్యంగా ఉంచమంటుంది. గీసినవాళ్ళ ఆచూకీ తెలిస్తే వాళ్ళ మాటా వినాలని శ్రేయా సింఘాల్ తీర్పులోనే ఉంది. నా మాట ఎవరూ వినలేదు. నా పేరు, మెయిలు ప్రొఫైల్ పైనే ఉన్నాయి.

రెండోది సెక్షన్ 79(3)(బి). ప్లాట్‌ఫాంకి నోటీసు వెళ్తుంది, తీయకపోతే, వేరేవాళ్ళ పోస్టులకి ప్లాట్‌ఫాం బాధ్యత లేకుండా చట్టం ఇచ్చిన రక్షణ పోతుంది. ఈ నోటీసులు పంపడానికే 'సహయోగ్' అనే పోర్టల్ ఉంది. దాన్ని సవాలు చేస్తూ ఎక్స్ (పాత ట్విట్టర్) కంపెనీ కర్ణాటక హైకోర్టుకి వెళ్ళింది. 2025 సెప్టెంబరు 24న హైకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. తర్వాత రూల్సు కొంచెం మార్చారు. నవంబరు 15 నుంచి జాయింట్ సెక్రటరీ స్థాయి, పోలీసుల్లో అయితే డీఐజీ స్థాయి అధికారే కారణం రాసి పంపాలి. మంచిదే. కానీ ఆ కారణం నా దాకా రాకపోతే నేను దేనికి జవాబు చెప్పాలి?

చెన్నైలో ఇంకా పెద్దది జరిగింది. 2025 ఫిబ్రవరిలో తమిళ పత్రిక వికటన్ వెబ్‌సైట్ మొత్తాన్నే ఆపేశారు. గొడవ ఒక్క కార్టూన్ మీద, ట్రంప్ పక్కన సంకెళ్ళతో కూర్చున్న మోదీ బొమ్మ. మార్చి 6న మద్రాసు హైకోర్టు, ఆ బొమ్మను తాత్కాలికంగా తీస్తే సైటు తెరవమంది. ఒక్క పేజీ మీద అభ్యంతరం ఉంటే, మిగతా వేల పేజీలు చదివేవాళ్ళు ఏం చేశారు?

మెయిలొచ్చాక ఐదు వారాలు నేను వర్షాల మీదా, సిల్క్ బోర్డు ట్రాఫిక్ మీదా గీశాను. ఎవరూ గీయమనలేదు, ఎవరూ వద్దనలేదు. స్కెచ్‌లో ఖాకీ చొక్కా వస్తే లేయర్ డిలీట్ చేసేదాన్ని. బెలూన్లో 'సర్కారు' అని రాసి, చెరిపి, 'వాళ్ళు' అని రాసేదాన్ని. ఏ కోర్టులోనూ నమోదు కాని నష్టం ఇది. ఇంకెంతమంది చేతులు ఇలా ఆగుతున్నాయో లెక్క తీసేవాళ్ళెవరూ లేరు.

అపోహ: ఇదంతా ఫలానా పార్టీ వచ్చాకే

నాకు అన్ని వైపుల నుంచీ తిట్లొస్తాయి కాబట్టి చెప్తున్నా. 1950లో రమేశ్ థాపర్ నడిపిన క్రాస్‌రోడ్స్ పత్రికను మద్రాసు ప్రభుత్వం రానివ్వకపోతే, ఆయన వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. మరుసటి ఏడే మొదటి రాజ్యాంగ సవరణతో, వాక్ స్వేచ్ఛకి హద్దులు పెట్టే అధికరణం 19(2)లో ఆంక్షలు పెంచారు. 1975లో ఎమర్జెన్సీ. 1987లో ఎమ్మెల్యేల మీద ముఖచిత్రం కార్టూన్ వేసినందుకు ఆనంద వికటన్ సంపాదకుడు బాలసుబ్రమణియన్‌కి తమిళనాడు అసెంబ్లీ మూడు నెలల కఠిన శిక్ష వేసింది. జనం గోల చేస్తే రోజుల్లోనే వదిలారు. 2017 నవంబరులో కార్టూనిస్టు జి. బాలాను చెన్నైలో అరెస్టు చేసి తిరునెల్వేలికి తీసుకెళ్ళారు. తిరునెల్వేలి కలెక్టరేట్ దగ్గర ఒక కుటుంబం నిప్పంటించుకున్న ఘటన మీద వేసిన బొమ్మకి. కుర్చీలో ఎవరున్నా ఈ చట్టాలు చేతికి అందుబాటులోనే ఉంటాయి. నా కోపం వాటి మీద.

అపోహ: తెలుగులో వేస్తే బయటివాళ్ళకి అర్థం కాదు, సేఫ్

మూడో ప్యానెల్ ఒక్కటే కత్తిరించి, తప్పుడు తర్జుమా తగిలించి తిప్పుతారు. జీరో ఎఫ్‌ఐఆర్ వల్ల, విషయం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. అందుకే ప్రతి ప్యానెల్ మూలనా తేదీ, '3/4' అని చిన్నగా రాస్తున్నాను.

ఇక్కడో మంచి మాట కూడా ఉంది. కవి, రాజకీయ నాయకుడు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కవిత మీద గుజరాత్‌లో పెట్టిన కేసును 2025 మార్చి 28న సుప్రీంకోర్టు కొట్టేసింది. కవితను పూర్తిగా చదివి, అర్థం చూసి మరీ. ఏ మాటకైనా ఉలిక్కిపడే మనిషిని కొలతగా పెట్టుకోకూడదని, నిబ్బరంగా ఆలోచించే మనిషి కళ్ళతో చూడాలని చెప్పింది. మాటలు, రాతల మీద మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ లోపు శిక్షపడే సెక్షన్లు పెట్టేముందు ప్రాథమిక విచారణ చేయడం మంచిదని కూడా అంది. కొత్తవాళ్ళు ఈ తీర్పు తప్పక చదవండి.

అపోహ: స్టేషన్ నుంచి ఫోనొస్తే వెంటనే పరుగెత్తాలి

ముందు రాతపూర్వకంగా నోటీసు అడగండి. ఏడేళ్ళ దాకా శిక్షపడే కేసుల్లో, అరెస్టు అవసరం లేనప్పుడు, బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) కింద నోటీసు ఇవ్వాలి. వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు అందాక మాత్రం వెళ్ళాల్సిందే, లాయరుతో మాట్లాడి. అరుదైన సందర్భాల్లో తప్ప ఆడవాళ్ళని పొద్దుగుంకాక అరెస్టు చేయకూడదు. చేస్తే ఎవరినైనా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ పోలీసు వెబ్‌సైట్లో దొరుకుతుంది, సున్నితమైన కేసులు తప్ప. లేయర్లున్న అసలు ఫైలు, పోస్టు చేసిన తేదీ, ప్లాట్‌ఫాం మెయిళ్ళు విడిగా దాచుకోండి.

మా నాన్న రిటైర్డ్ టీచరు. ప్రతి ఆదివారం ఫోన్లో "నీకెందుకమ్మా గవర్నమెంటుతో" అనేవారు. రేషన్ షాపు కామిక్ ప్రింటు తీసి తీసుకెళ్ళి చూపించాను. చాలాసేపు చూసి, "మా వీధి చివర షాపులో రోజూ ఇంతే కదా" అన్నారు. తర్వాత మా లాయరు నంబరు అడిగి, గోడ క్యాలెండరు మీద పాలవాడి నంబరు కింద రాసుకున్నారు.