దుమ్ములగొండి కుక్కల వైపు కాదు, పిల్లుల వైపు

దుమ్ములగొండిని చూడగానే ఎవరికైనా కుక్కే గుర్తొస్తుంది. పొడవాటి మూతి, లోపలికి ముడుచుకోని గోళ్లు, అలుపులేని నడక అన్నీ కుక్కలవే. స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్‌కూ అలాగే అనిపించింది. 1758లో జంతువులకు రెండేసి మాటల పేర్లు పెడుతూ కుక్క, తోడేలు, నక్క, ఐరోపా గుంటనక్కలతో పాటు దీన్నీ ‘కానిస్’ ప్రజాతిలోనే, అంటే దగ్గరి జాతుల గుంపులోనే చేర్చాడు. ఇవాళ దాని చోటు పిల్లుల పక్కన. చాలామంది ఈ మాట నమ్మరు కానీ, ఆధారాలు గట్టివి.

ఇవన్నీ ‘కార్నివోరా’ అనే క్రమానికి చెందినవి. మాంసం తినేవన్నీ ఇందులో లేవు, ఇందులో ఉన్నవన్నీ మాంసం తినవు. వెదురు తిని బతికే పాండా ఇందులో ఉంది, మొసలి లేదు. ఈ క్రమానికి గుర్తు పళ్లలో ఉంది. పై దవడలో చివరి అగ్రచర్వణకం (కోరపన్నుకూ వెనక దంతాలకూ మధ్య ఉండే పన్ను), కింది దవడలో మొదటి చర్వణకం (వెనక దంతం) ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కత్తెరలా మాంసాన్ని కోస్తాయి. పాండాలో ఈ జత పదును పోయి నమిలే పళ్లుగా మారింది. తిండి మారినా వంశం మారదు.

సుమారు 5 కోట్ల ఏళ్ల క్రితం ఈ వంశం రెండు కొమ్మలుగా చీలింది. పిల్లి కొమ్మలో పులి, ముంగిస, దుమ్ములగొండి ఉన్నాయి. శ్రీవారి సేవకు తైలమిచ్చే పునుగు పిల్లి కూడా ఈ కొమ్మదే, అయితే దాని కుటుంబం వేరు. కుక్క కొమ్మలో తోడేళ్లు, ఎలుగుబంట్లు, నీటికుక్కలు, సముద్రంలో ఈదే సీల్‌లు ఉన్నాయి. అంటే కుక్కకు దుమ్ములగొండి కన్నా సీలే దగ్గరి చుట్టం!

పుర్రె అడుగున, చెవి దగ్గర బుడగలా ఉబ్బిన ఎముక ఒకటుంటుంది. పిల్లిలో దాన్ని ఒక పలుచటి ఎముక గోడ రెండు గదులుగా విడదీస్తుంది. ఎలుగుబంటిలో ఆ గోడ లేదు, కుక్కలో ఉన్నా అరకొరగానే ఉంటుంది. 1869లో లండన్‌లో విలియం హెన్రీ ఫ్లవర్ పుర్రెల అడుగుభాగాలను పోల్చి చూసి, దుమ్ములగొండిని పిల్లులు, పునుగు పిల్లుల గుంపులో పెట్టాడు. నిజానికి దుమ్ములగొండిలో ఆ గోడ పిల్లిలో ఉన్నంత స్పష్టంగా కనిపించదు. ఒక్క లక్షణాన్నే పట్టుకుని ఉంటే దారి తప్పేవాళ్లు. తర్వాత డీఎన్ఏ పరీక్షలూ దాన్ని పిల్లి కొమ్మ మీదే చూపించాయి, అందులోనూ ముంగిసలకు దగ్గరగా.

వీధి కుక్క ఎముక కొరికేటప్పుడు దగ్గర నుంచి చూడండి. తల పక్కకు వాల్చి, ఎముకను దవడ చివరికంటా నెట్టుకుంటుంది. ఎముకను నలగ్గొట్టే పళ్లు దానికి ఆ కోసే జతకు వెనక ఉన్నాయి. దుమ్ములగొండికి అక్కడ చెప్పుకోదగ్గ పళ్లే లేవు. కోసే జతకు ముందున్న లావాటి అగ్రచర్వణకాలతోనే అది పశువు తొడ ఎముకనైనా పగలగొడుతుంది. కుక్కకు 42 పళ్లు, పిల్లికి 30, దుమ్ములగొండికి 34. ఎముక కొరకడం కుక్కకూ దుమ్ములగొండికీ వచ్చు కానీ, ఆ విద్య దేనికది విడిగా అబ్బింది. పోలికకూ చుట్టరికానికీ ఉన్న తేడా నాకు ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించలేదు.

గుంటనక్కది ఇందుకు తిరగేసిన కథ. దాని కంటిపాప పిల్లిలా నిలువుగా సన్నబడుతుంది. నేలకు దగ్గరగా మాటువేసే చిన్న వేటజంతువుల్లో ఇది మామూలే. అయినా అది కుక్కల కుటుంబంలోదే. కాకపోతే ప్రజాతి వేరు. కుక్క, తోడేలు, నక్కలకు 78 క్రోమోజోములుంటే, ఎర్ర గుంటనక్కకు ముఖ్యమైనవి 34 మాత్రమే. అందుకే కుక్కతో దానికి సంతానం కలగదు.

తోడేలుకు కలుగుతుంది. పుణె పరిసరాల్లో తోడేలుకూ కుక్కకూ పుట్టిన సంకర జంతువును జన్యు పరీక్షల్లో నిర్ధారించారు కూడా. గడ్డిభూములు తరిగి ఊరకుక్కలు పెరిగినచోట మన తోడేళ్ల రక్తమే పలచబడిపోయే ప్రమాదం ఉంది. ఇక కుక్కలకు ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే డిస్టెంపర్ వైరస్‌కైతే ఈ కొమ్మల హద్దులే లేవు. 2018లో గుజరాత్‌లోని గిర్ సింహాల్లో బయటపడింది అదే.