లాల్‌బాగ్ బండ దిగుతుంటే

బసవనగుడి, బెంగళూరు

చిరంజీవులు వంశీకి, పావనికి అవ్వ ఆశీస్సులు.

మీరు అనంతపురం చేరాక మీ నాన్న ఫోన్ చేసి, "పిల్లలు నీ గురించే టెన్షన్ పడుతున్నారమ్మా" అన్నాడు. లాల్‌బాగ్ తోటలోని బండ దిగుతూ నేను తూలడం, వంశీ చెయ్యి పట్టి ఆపడం మీ మనసులో ఉండిపోయినట్టుంది. ఆ తర్వాత ఉన్న నాలుగు రోజులూ మంచినీళ్లకు కూడా నన్ను లేవనివ్వలేదు. మీ ప్రేమ నాకు తెలుసు నాయనా. కానీ అలా కూర్చోబెడితే నాకు మేలు జరగదు. ఎందుకో చెబుతాను.

స్కేలు ఆట గుర్తుందా? పావని నిలువుగా పట్టుకుని ఉన్నట్టుండి వదిలిన స్కేలును వంశీ 17 సెంటీమీటర్ల దగ్గర పట్టాడు, నేను 27 దగ్గర పట్టాను. వంశీ ఫిజిక్స్ లెక్క ప్రకారం వాడికి 0.19 సెకను పట్టింది, నాకు 0.23. కన్ను చూసింది మెదడుకు చేరాలి, ఏం చెయ్యాలో మెదడు తేల్చుకోవాలి, ఆ మాట వెన్నుపాము మీదుగా నరాల్లో కండదాకా పోవాలి. వయసు పెరిగేకొద్దీ ఈ దారంతా కాస్త నెమ్మదిస్తుంది, తేల్చుకునే దగ్గర మరీను. అయినా మా ఇద్దరికీ తేడా రెప్పపాటు కూడా లేదు. నన్ను తూలేట్టు చేసింది అదొక్కటే కాదు.

అసలు సంగతి కాళ్లలో ఉంది. కండ అంటే సన్నని పోగుల కట్ట. కొన్ని పోగులు చటుక్కున బలంగా లాగుతాయి, త్వరగా అలిసిపోతాయి. కొన్ని నిదానంగా, చాలాసేపు పనిచేస్తాయి. ముసలితనంలో ఎక్కువగా సన్నబడేవి ఆ చురుకు పోగులే. వాటిని నడిపే నరాల కణాలు కొన్ని చనిపోతాయి. దిక్కులేని ఆ పోగుల్లో కొన్నిటిని పక్క నరం చేరదీసి, తన నిదానమే నేర్పుతుంది. మిగిలినవి ఎండిపోతాయి. ఈ చేరదీయడం గురించి తెలిసిన రోజు నాకు కళ్లు చెమర్చాయి.

అందుకే లాల్‌బాగ్ చెరువు చుట్టూ గంటసేపు నడవగలను గానీ, కాలు జారినప్పుడు రెండో అడుగు టక్కున వెయ్యలేను. దిగేటప్పుడు ఒళ్లు బరువంతా తొడలే ఆపాలి కాబట్టి అక్కడ ఇంకా కష్టం.

ఈ కండ తరుగుదలకు 1989లో ఇర్విన్ రోసెన్‌బర్గ్ అనే అమెరికా డాక్టరు గారు సార్కోపీనియా అని పేరు పెట్టారు. ఆ మరుసటి ఏడాది బోస్టన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. సగటున 90 ఏళ్ల వయసున్న కొద్దిమంది చేత 8 వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. వాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది! తొంభైలో పెరిగింది, నాకు పెరగదా? అదే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు పది రోజులు మంచం దిగకపోతే, ఒక్క కాళ్లలోనే కిలో దాకా కండ కరిగిపోతుంది.

నేను రోజూ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేస్తున్నాను. లేవడం వేగంగా, కూర్చోవడం మెల్లగా. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది. వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ల మీద కూడా లేస్తున్నాను. సంగటిలోకి పప్పు మునుపటికంటే ఎక్కువ వేసుకుంటున్నాను, ఒక గుడ్డు కూడా.

సంక్రాంతికి రండి, మళ్లీ బండ ఎక్కుదాం. దిగేటప్పుడు వంశీ నాకంటే ఒక అడుగు కింద నడవాలి. చెయ్యి మాత్రం నేను అడిగితేనే ఇవ్వాలి. పావనీ, నీ స్కేలు టీవీ పక్కన దాచాను.

మీ అవ్వ