ఫర్మ్‌వేర్‌కు ఫైలు వేషం

బూట్ క్రమం (సిస్టమ్‌ను ముందు ఎక్కడినుంచి లేపాలన్న వరస) మార్చాలంటే కంప్యూటర్ ఆన్ కాగానే ఒక మీట నొక్కి సెటప్ తెరలోకి వెళ్లడం పాత పద్ధతి. వందల సర్వర్లు చూసుకునేవారికి అది జరిగే పని కాదు. మదర్‌బోర్డులోనే ఉండి యంత్రాన్ని లేపే ప్రోగ్రాం, అంటే ఫర్మ్‌వేర్, దాని సంగతులు నడుస్తున్న సిస్టమ్‌లోంచే అందాలి. లినక్స్‌లో అందుకు చాలాకాలం వాడింది దొడ్డిదారే: రూట్ (సర్వాధికారి) హక్కులున్న ప్రోగ్రాం ‘మెమ్’ అనే పరికర ఫైలు తెరిచి, భౌతిక మెమరీలో ఫర్మ్‌వేర్ పట్టికలను వెతుక్కునేది. చదవనిచ్చే ఆ దారే రాయనూ ఇచ్చేది. 2008 నుంచి లినక్స్ గుండెకాయైన కెర్నెల్ దాన్ని బిగిస్తూ వచ్చింది. 2019లో కెర్నెల్ 5.4 వెర్షన్‌తో వచ్చిన లాక్‌డౌన్‌ను (రూట్‌ను కూడా కెర్నెల్ జోలికి రానివ్వని కట్టడిని) అమలు చేస్తే ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది.

బయోస్ అనే పాత ఫర్మ్‌వేర్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చాక సెట్టింగులు పేర్లున్న వేరియబుల్స్ అయ్యాయి. కెర్నెల్ సంగతులను ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో వాటికి చేసిన తొలి ఏర్పాటు 1024 బైట్లు దాటిన విలువను మోయలేకపోయింది. సంతకం సరిచూశాకే సిస్టమ్‌ను లేవనిచ్చే సెక్యూర్ బూట్ తాళాల జాబితాలకు ఆ చోటు చాలదు. అందుకే 2013 ఫిబ్రవరిలో, 3.8తో, ఈ వేరియబుల్స్ కోసమే చేసిన ఈఎఫ్ఐవార్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ వచ్చింది. ఇందులో వేరియబుల్‌కు ఒక ఫైలు. మూడు బూట్ ఎంట్రీలున్న యంత్రంలో ‘బూట్‌ఆర్డర్’ ఫైలు తెరిస్తే ఉండేది పది బైట్లే: మొదటి నాలుగూ లక్షణాలు, తర్వాత ఎంట్రీకి రెండేసి. రాసేటప్పుడు లక్షణాలూ విలువా ఒకే విడతలో రాయాలి. చూడటానికి ఫైలే, నడత మాత్రం ఫైలుది కాదు.

ఆలోపే వేరియబుల్స్‌తో ఒక దెబ్బ తగిలింది. అదే ఏడాది మొదట్లో కొన్ని సామ్‌సంగ్ ల్యాప్‌టాప్‌లు లినక్స్ ఎక్కించాక మళ్లీ లేవలేదు. తొలి అనుమానం ఒక డ్రైవర్ మీద పడింది. వేరియబుల్స్ దాచే చోటు నిండితే చాలు, విండోస్‌లోంచి నింపినా ఆ యంత్రాలు చచ్చిపోతాయని లినక్స్ డెవలపర్ మాథ్యూ గారెట్ తేల్చారు. తప్పు ఫర్మ్‌వేర్‌ది, జాగ్రత్త పడాల్సి వచ్చింది కెర్నెల్: సుమారు 5 కిలోబైట్లు ఎప్పుడూ ఖాళీగా ఉంచడం మొదలుపెట్టింది.

2016లో మరో రకం. డిస్కు మొత్తం తుడిచేద్దామని రూట్‌గా ఫైళ్లు చెరిపే ‘ఆర్‌ఎం’ ఆదేశం నడిపితే, అది ఈఎఫ్ఐవార్‌ఎఫ్‌ఎస్ డైరెక్టరీలోకీ దిగి వేరియబుల్స్‌ను చెరిపేసింది. సిస్టమ్ మళ్లీ ఎక్కించుకుందామనుకున్నవారి చేతిలో మదర్‌బోర్డే మూగబోయింది. దాన్ని చెరపగలిగేలా మౌంట్ చేయడమే (డైరెక్టరీగా తగిలించడమే) తప్పని కొందరు, బూట్ సాధనాలకు రాసే వీలుండాలి కదా అని కొందరు వాదించారు. నా మటుకు రెండో పక్షమే సబబు. ఆ మార్చిలో వచ్చిన 4.5 మధ్యేమార్గం పట్టింది: బాగా తెలిసిన ప్రామాణిక వేరియబుల్స్ తప్ప మిగతావన్నీ మార్చరాని ఫైళ్లుగా కనిపిస్తాయి. రూట్ ఆ గుర్తును ‘చాటర్’ ఆదేశంతో తీసేయగలదు కాబట్టి ఇది పొరపాటుకు అడ్డే గాని దొంగకు కాదు.

సెటప్ తెరలో కనిపించే బయోస్ సెట్టింగుల కోసం 2021లో, 5.11తో, ‘ఫర్మ్‌వేర్ ఆట్రిబ్యూట్స్’ అనే తరగతి వచ్చింది. మొదట డెల్, ఆ వెంటే లెనోవో యంత్రాలకు డ్రైవర్లు చేరాయి. ఒక్కో సెట్టింగుకు ఒక డైరెక్టరీ, అందులో ప్రస్తుత విలువకు ఒక ఫైలు, ఒప్పుకునే విలువలకు మరొకటి. రీబూట్ బాకీ ఉందో లేదో చెప్పే ఫైలు విడిగా ఉంటుంది. ఈసారి సిస్‌ఎఫ్‌ఎస్‌కే తిరిగొచ్చారు. అక్కడ రూట్ ‘ఆర్‌ఎం’ కొట్టినా అనుమతి లేదన్న జవాబే వస్తుంది.