స్లైస్ పోయింది, హుక్ వచ్చింది

గోల్ఫ్‌లో కొత్త స్వింగ్, అంటే క్లబ్ అనే కర్రను ఊపే తీరు, మొదలుపెట్టి అప్పటికి మూడు వారాలు. అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్ అయిన డ్రైవర్‌తో కొట్టిన బంతి, ఫెయిర్‌వే అనే గడ్డి బాట ఎడమ అంచు మీదుగా బయలుదేరి, సగం దూరం పోయాక ఇంకా ఎడమకు మెలితిరిగి చెట్లలో పడింది. తర్వాతిదీ అంతే. ఐరన్లతో, అంటే లోహపు తల ఉన్న పొట్టి క్లబ్బులతో, కొట్టినవి మాత్రం తిన్నగానే పోతున్నాయి. నాది కుడిచేతి వాటం. బంతి కుడికి వంగిపోయే స్లైస్‌తో ఏళ్లపాటు వేగి, దాన్ని వదిలించుకోవడానికే స్వింగ్ మార్చుకున్నాను. ఇలాంటప్పుడు కొత్త స్వింగే తప్పనుకుని పాతదానికి వెళ్లిపోతారు కొందరు. దయచేసి వెళ్లకండి. స్లైస్ పోయి, ఇలా బంతి ఎడమకు వంగే హుక్ వచ్చిందంటే నేర్చుకున్నది ఒంటికి పడుతోందన్నమాట. పాత అలవాటొకటి ఇంకా చేతుల్ని వదల్లేదు, అంతే.

బంతి క్లబ్‌ఫేస్‌ను, అంటే క్లబ్ తలలో బంతికి తగిలే ముఖాన్ని, అంటుకుని ఉండేది సెకనులో దాదాపు 2000వ వంతు. ఆ క్షణంలో ఫేస్ ఎటు చూస్తోంది, క్లబ్ ఏ దారిన కదులుతోంది అన్న రెండింటి మీదే అంతా ఆధారపడుతుంది. డ్రైవర్‌తో కొట్టినప్పుడు బంతి బయలుదేరే దిశలో 80 శాతానికి పైగా ఫేస్‌దే పెత్తనం. దారికన్నా ఫేస్ ఎడమకు తిరిగి ఉంటే బంతి ఎడమకు వంగుతుంది.

బంతి వెనక్కి గిరగిరా తిరుగుతూ గాల్లోకి లేస్తుంది. ఆ తిరుగుడే దాన్ని పైకి మోస్తుందని ఎడిన్‌బరా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త పీటర్ గత్రీ టేట్ 1890లలోనే వివరించారు. తిరిగే ఇరుసు సమంగా ఉంటే బంతి తిన్నగా పోతుంది. ఎడమకు వాలితే, పక్కకు ఒరిగిన విమానంలా అటే వంగుతుంది. ఆ వాలు డ్రైవర్‌లో ఎక్కువ, ఎందుకంటే దాని లాఫ్ట్, అంటే ఫేస్ వెనక్కి వాలిన కోణం, తక్కువ. ఫేస్‌కీ దారికీ 5 డిగ్రీల తేడా వస్తే డ్రైవర్‌లో ఇరుసు సుమారు 20 డిగ్రీలు వాలుతుంది, లాఫ్ట్ బాగా ఎక్కువుండే వెడ్జ్ అనే క్లబ్‌లో 10 లోపే. ఐరన్లు కడుపులో దాచుకున్న తప్పును డ్రైవర్ ఇలా బయటపెడుతుంది.

స్లైస్ కొట్టేవారి క్లబ్ బయటి నుంచి లోపలికి కోస్తుంది. దాన్ని సరిదిద్దుకోవడానికి చేతులు వాటంతటవే ఒక ఉపాయం నేర్చుకుంటాయి. గ్రిప్ కుడికి తిప్పి పట్టుకోవడం, ఆఖరి క్షణంలో మణికట్లు తిప్పేయడం. ఇప్పుడు క్లబ్ లోపలి నుంచి వస్తోంది, ఆ ఉపాయంతో పని లేదు. కానీ ఆ సంగతి చేతులకు తెలియదు.

అమెరికన్ గోల్ఫ్ దిగ్గజం బెన్ హోగన్ అంతటివాడే యవ్వనంలో హుక్‌తో సతమతమయ్యాడు. ఎడమచేతి గ్రిప్‌ను వదులు చేసుకున్నాడు. అంటే బిగింపు తగ్గించడం కాదు, చేతిని ఎడమకు జరిపి పట్టుకోవడం. దానికి తోడు బ్యాక్‌స్వింగ్ చివర ఎడమ మణికట్టును కాస్త వెనక్కి వంచేవాడు. ఈ కిటుకును 1955లో లైఫ్ పత్రికలో బయటపెట్టాడు. అప్పటికే మేజర్లనే పెద్ద టోర్నీలు తొమ్మిది గెలిచి ఉన్నాడు.

అయితే గ్రిప్ ముట్టుకునే ముందు ఒక పని చేయాలి. పాదాలకు కొట్టే పౌడర్ స్ప్రే డ్రైవర్ ఫేస్ మీద పలచగా కొట్టి పది బంతులు ఆడండి. బంతి తగిలిన చోటల్లా గుండ్రటి మచ్చ పడుతుంది. నా మచ్చలన్నీ క్లబ్ కొన వైపే పడ్డాయి. డ్రైవర్ తల బరువు ఫేస్‌కు బాగా వెనక ఉంటుంది కాబట్టి కొనకు తగిలితే తల ఒక పక్కకు తిరుగుతుంది, దానితో పళ్లచక్రంలా ఒరుసుకున్న బంతి రెండో పక్కకు తిరుగుతుంది. అదీ హుక్కే. ఫేస్‌ను కాస్త ఉబ్బెత్తుగా చేయడం ఈ తేడాను సర్దడానికే. అందుకని ముందు బంతికి అరంగుళం దగ్గరకు జరిగి నిలబడ్డాను.

ఆ తర్వాతే గ్రిప్. కిందికి చూస్తే ఎడమచేతి మెటికలు మూడు కనిపించేవి, రెండే కనిపించేలా తిప్పాను. ఒకవేళ మీ బంతి కుడికి బయలుదేరి ఎడమకు వంగుతుంటే, మచ్చలు మధ్యలోనే పడుతుంటే, గ్రిప్ జోలికి పోకండి. క్లబ్ దారే మరీ కుడికి పోతోంది. బంతిని నిలబెట్టే టీ పుల్ల వెనక్కి జారిందేమో చూసి, బంతిని ఎడమ మడమకు ఎదురుగా తెచ్చుకోండి.

ప్రాక్టీసు బంతుల మొదటి బుట్టలో సగం కుడికి కొట్టుకుపోయాయి. అయినా కొత్త గ్రిప్‌ను మళ్లీ మార్చలేదు. సగం వేగంతో రెండో బుట్ట మొదలుపెట్టాను. మచ్చలు ఒక్కొక్కటే ఫేస్ మధ్యకు జరగసాగాయి.