"పాలు పడలేదు సిస్టర్": బాలింతల వార్డులో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

"మా పిల్లకి పాలు పడలేదు సిస్టర్." బాలింతల వార్డులో ఈ మాట వినని రోజు లేదు. అనేది తల్లి కాదు, పక్కన కూర్చున్న అమ్మమ్మో నాయనమ్మో. ఆ మాట పూర్తయ్యేలోపే బిడ్డ తండ్రి డబ్బా పాల కోసం మెడికల్ షాపుకి మెట్లు దిగుతుంటాడు. ఆయన్ని వెనక్కి పిలవడంలోనే నా డ్యూటీ సగం గడిచిపోతుంది. బిడ్డకు పాలు పట్టడం నేర్పే నర్సుని నేను. నిజంగా పాలు లేని తల్లుల్ని తక్కువే చూశాను. లేవని చుట్టూ ఉన్నవాళ్లు నమ్మించేసిన తల్లులే ఎక్కువ.

అపోహ: మొదటి రెండు మూడు రోజులు పాలుండవు, అందాకా ఏదో ఒకటి పట్టాలి.

వాస్తవం: ఉంటాయి. పసుపుపచ్చగా, చిక్కగా, చుక్కలు చుక్కలుగా. అవే ముర్రుపాలు. చుక్కలే కదా అని కంగారుపడతారు గానీ, పుట్టిన రోజున బిడ్డ పొట్టలో పట్టేదే ఒకసారికి టీ చెంచాడు, అంటే 5 నుంచి 7 మి.లీ. పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలి. సిజేరియన్ అయినా సరే, తల్లి మెలకువగా ఉంటే చాలు. తెల్లటి పాలు ధారగా పడేది రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య. తొలి కాన్పు వాళ్లకి, సిజేరియన్ వాళ్లకి ఇంకాస్త ఆలస్యం కావచ్చు.

గేదె ఈనితే ముర్రుపాలు ముందు దూడ తాగాలంటాం, మిగిలితేనే జున్ను. అదే మనుషుల దగ్గరికొచ్చేసరికి "అవి చెడ్డపాలు, పిండి పారబొయ్యి" అనే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాటి బదులు తేనె నాకిస్తారు, పంచదార నీళ్లు పోస్తారు, వసకొమ్ము అరగదీస్తారు. వీటిలో తేనె మరీ ప్రమాదం. ఏడాదిలోపు పిల్లలకు దానివల్ల కండరాలు చచ్చుబడే బొటులిజం అనే జబ్బు రావచ్చు. నాలుక మీద రాసినంతైనా వద్దు.

అపోహ: బిడ్డ ఏడుస్తున్నాడంటే పాలు చాలడం లేదు.

వాస్తవం: ఏడుపుని లెక్కపెట్టకండి, తడిసిన గుడ్డల్ని లెక్కపెట్టండి. అయిదో రోజు దాటాక ఇరవై నాలుగు గంటల్లో ఆరుసార్లు, అంతకంటే ఎక్కువ పాస్ పోస్తుంటే పాలు అందుతున్నట్టే. బరువు మొదటి రోజుల్లో తగ్గుతుంది. నూటికి 7 వంతులు, ఒక్కోసారి 10 వంతుల దాకా కూడా. 10 నుంచి 14 రోజుల్లో పుట్టినప్పటి బరువుకి తిరిగొస్తే సరి. సాయంత్రం ఆరు నుంచి పది దాకా వదలకుండా రొమ్ము మీదే ఉండే పిల్లలున్నారు. అది వాళ్ల పద్ధతి, పాలు ఎండిపోయినట్టు కాదు, దిష్టి అసలే కాదు.

ఇక్కడే డబ్బా ఇంట్లోకి వస్తుంది. అది తాగి బిడ్డ మూడు గంటలు నిద్రపోతాడు. ఆ మూడు గంటలూ రొమ్ము ఖాళీ కాదు. ఖాళీ కాని రొమ్ము ఇక పాలు తక్కువ చాలనుకుని తయారీ తగ్గించేస్తుంది. నాలుగు రోజులకి పాలు నిజంగానే తగ్గుతాయి. "చూశారా, మేం ముందే చెప్పాం" అంటారు.

అపోహ: మొదట్లో చనుమొనలు పగలడం, నొప్పి మామూలే, ఓర్చుకోవాలి.

వాస్తవం: బిడ్డ నోట పట్టిన మొదటి కొన్ని క్షణాలు లాగినట్టు ఉంటే సరే. తాగినంతసేపూ నొప్పి పెడుతోందంటే పట్టు తప్పు.

మొన్నామధ్య ఒకమ్మాయి, సిజేరియన్ అయి మూడో రోజు. రెండు వైపులా చనుమొనలు చీలి నెత్తురు కనపడుతోంది. బిడ్డ దగ్గరికొస్తుంటేనే భుజాలు బిగపట్టి కళ్లు మూసుకుంటోంది. చూస్తే బిడ్డ వెల్లకిలా ఉన్నాడు, మెడ ఒక్కటే పక్కకి తిప్పి మొన చివర మాత్రం చప్పరిస్తున్నాడు. బుగ్గలు సొట్టపడుతున్నాయి, టక్ టక్‌మని చప్పుడు. తల్లి వాడి మీదికి వంగిపోయి ఉంది, కుట్ల మీద బరువంతా.

ముందు చిటికెనవేలు బిడ్డ నోటి మూలనుంచి పెట్టి పట్టు విడిపించాం. ఊరికే లాగేస్తే పుండు ఇంకా చీలుతుంది. తల్లిని వెనక్కి ఆనించి, చంక కింద దిండు పెట్టి, బిడ్డని ఆమె పక్కవైపు నుంచి తెచ్చాం, కుట్లకి తగలకుండా. ఒంటిని పూర్తిగా ఆమె వైపు తిప్పి తల, వెన్ను, నడుము ఒకే వరసలో ఉంచాం. మొన వాడి ముక్కుకి ఎదురుగా పెట్టి పెదవికి రాస్తూ ఆగాం. ఆవలించినంత నోరు తెరవగానే రొమ్ముని వాడి నోట్లో కుక్కకుండా వాడినే దగ్గరికి తీశాం. గడ్డం రొమ్ముకి ఆనింది, కింది పెదవి బయటికి తిరిగింది. నల్లటి భాగం పైన కాస్త కనపడుతోంది, కింద దాదాపు లేదు. టక్ టక్ ఆగిపోయి, గుటక వినపడింది. ఆ అమ్మాయి భుజాలు కిందికి దిగాయి. రెండో వైపు నుంచి పాలు వాటంతటవే కారి జాకెట్ తడిసింది.

"చేపుకొచ్చిందే!" అంది పక్కనున్న అమ్మమ్మ. పొద్దున పాలు లేవన్నది ఆవిడే. గేదెల్ని పెంచిన మనిషి. "పెద్దమ్మా, దూడని విడవకుండా, కర్ర పట్టుకుని ఎదురుగా నిలబడితే మీ గేదె చేపుతుందా?" అన్నాను. నవ్వేసింది. తల్లికీ అంతే. నొప్పి, టెన్షన్, పక్కనుంచి సూటిపోటి మాటలు ఉంటే పాలు ఉన్నా చేపుకి రావు.

పుండుకి ఆఖర్న వచ్చే పాలచుక్క రాసి ఆరనివ్వండి. పట్టు సరిచేశాక కూడా నొప్పి తగ్గకపోతే బిడ్డ నాలుక కింద పొర బిగువుగా ఉందేమో డాక్టరుకి చూపించండి.

అపోహ: మొనలు లోపలికి ఉంటే పాలివ్వలేరు.

వాస్తవం: బిడ్డ తాగేది మొనని కాదు, రొమ్ముని. ఓపిక కాస్త ఎక్కువ కావాలి, అంతే.

అపోహ: రొమ్ము గడ్డకడితే, జ్వరమొస్తే పాలు ఆపేయాలి.

వాస్తవం: ఆపితేనే ముదురుతుంది. నల్లటి భాగం రాయిలా ఉంటే బిడ్డకి పట్టు దొరకదు, కాబట్టి ముందు చేత్తో కాసిని పాలు పిండి మెత్తబడ్డాక పట్టించండి. తాగాక చల్లటి తడిగుడ్డ వేయండి. గట్టిగా పిసకొద్దు. మల్లెపూలు కట్టమంటారు కొందరు. అది పాలు ఆపడానికి కట్టే చిట్కా, పాలు కావాల్సిన తల్లికి కాదు. ఒకచోట ఎర్రబడి, చలిజ్వరం వచ్చి, రోజులో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పాలిస్తున్నానని చెప్తే దానికి తగ్గ మందులే రాస్తారు. ఆ రొమ్ము పాలు బిడ్డకి చెరుపు చేయవు.

అపోహ: బాలింత నీళ్లు ఎక్కువ తాగకూడదు, కారప్పొడి అన్నంతోనే పథ్యం చేయాలి.

వాస్తవం: దాహమేసినప్పుడల్లా తాగాలి. మొదటి ఆరునెలలు మామూలుకంటే రోజుకి దాదాపు 600 కేలరీలు ఎక్కువ కావాలి. అన్నం, పప్పు, గుడ్డు, ఆకుకూర, పెరుగు, ఇంట్లో అందరూ తినేవే. వెల్లుల్లి, మెంతులు, మునగాకు ఇష్టంగా తినండి. కోస్తా వైపు సొరచేపతో చేసే సొరపిట్టు పెడతారు. సొరలో పాదరసం పోగవుతుంది కాబట్టి బదులుగా చిన్నచేపలు తినమంటాను. ఏం తిన్నా, పాలు పెంచేది బిడ్డ చప్పరింపే. రాత్రిపూట మరీను.

ఎండాకాలమైనా ఆరునెలలదాకా బిడ్డకి విడిగా నీళ్లు అక్కర్లేదు. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే.

అపోహ: ఉద్యోగానికి వెళితే పాలు మాన్పించాల్సిందే.

వాస్తవం: 2017 సవరణ తర్వాత చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవుంది. బట్టల షాపులో నిలబడి పనిచేసే అమ్మాయికి అది కాగితం మీదే ఉంటుందని నాకూ తెలుసు. పిండి పెట్టిన పాలు బయట నాలుగు గంటలు, ఫ్రిజ్ లోపలి అరలో ఒక రోజు ఉంటాయి. మరగబెట్టొద్దు, గోరువెచ్చటి నీళ్లలో గిన్నె పెట్టండి. పైన మీగడలా తేలితే చెడిపోయినట్టు కాదు, కలిపితే కలిసిపోతుంది.

అపోహ: ప్రతి తల్లికీ సరిపడా పాలు వస్తాయి, రాకపోతే ఆమె లోపమే.

వాస్తవం: ఇది మా వృత్తిలోవాళ్లు పెంచిన అపోహ. కాన్పులో రక్తం బాగా పోయినా, మాయ ముక్క లోపల మిగిలినా, థైరాయిడ్ తేడా ఉన్నా, రొమ్ముకి ఆపరేషన్ జరిగినా పాలు నిజంగానే తక్కువ రావచ్చు. అయిదో రోజు తర్వాత పాస్ ఆరుసార్లకంటే తగ్గినా, రెండు వారాలకి బరువు రాకపోయినా, బిడ్డ పాలకి లేవకుండా మగతగా ఉన్నా, కామెర్లతో అరచేతులు, అరికాళ్లదాకా పచ్చబడినా ఆరోజే పిల్లల డాక్టరుకి చూపించాలి. ఎండలో పడుకోబెట్టి ఊరుకోవద్దు.

డాక్టరు చెప్తే డబ్బా పాలు పట్టండి, తప్పేం లేదు. ఆకలి తీరడం ముందు. ఆ డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ ఎందుకుండదో ఎప్పుడైనా ఆలోచించారా? డబ్బా పాలే మేలనిపించకూడదని 1992లో వచ్చిన చట్టం వద్దంది. సీసా మాత్రం కొనకండి. అటకమీద ఉగ్గుగిన్నె ఉంటుంది, దించి మరిగే నీళ్లలో వేసి తీయండి. బిడ్డని కాస్త నిటారుగా పట్టుకుని, అంచు కింది పెదవికి ఆనించి ఊరుకోండి. వాడే నాలుకతో అందుకుని తాగుతాడు.